వదిలేసిన కొమ్మ

అన్యాయం జరిగింది ఎవరికి? నడిమిలంక లాకు మీద ఇరవై ఆరేళ్ళు తలుపులు ఎత్తి దించే లస్కరుగా పనిచేసిన కొల్లాటి నాంచారయ్యకు. ఎలా జరిగింది? తుపాను నాటి సాయంత్రం కొత్తపాలెంలో నలుగురు నీట మునిగి చనిపోవడానికి ఆయన చేతి తప్పిదమే కారణమని విచారణ సంఘం రాసింది. కోర్టు ఆ రాతను నమ్మి ఆయనను పద్నాలుగు నెలలు జైలులో ఉంచింది. పోయిన నలుగురూ ఆయన సొంత పాలెం మనుషులు కనుక, జైలు నుంచి తిరిగి వచ్చిన రోజున పాలెం ఆయనకు దారి ఇవ్వలేదు. నిజం తెలిసినవారు ఎవరైనా ఉన్నారా? ఒకరున్నారు. ఆమె డాక్టర్ తుమ్మా ఫిలోమిన, ఆ డెల్టా కాలువలన్నిటినీ నడిపే పద్ధతిని కనిపెట్టిన శాస్త్రవేత్త. ఆమె అబద్ధమాడలేదు. అడిగినవారు లేరు, ఆమె చెప్పలేదు. ఆ మౌనం ఏడేళ్ళు సాగింది.

కాలువలకు నీళ్ళు వదిలిన కొత్తలో ఏటా ఆమె ప్రయోగశాల తన మీద తానే దాడి చేసుకునేది. డెల్టాకు అచ్చు గుద్దినట్టున్న నకలు ఒకటి యంత్రాల్లో ఉండేది. పదకొండు వందల నలభై షట్టర్లు, వాటి మోటార్లు, వాటి మధ్య నడిచే సంకేతాలు అన్నీ అందులో ఉన్నాయి. ఒకరు శత్రువు వేషం కట్టి ఆ నకలును చిందరవందర చేయాలి. ఫిలోమిన పద్ధతి దాన్ని నిలబెట్టాలి. తుపాను జరిగిన ఏడేళ్ళకు శత్రువు వేషం షేక్ నస్రీన్‌కు వచ్చింది. నస్రీన్ ప్రయోగశాలలో చేరి అప్పటికి ఎనిమిది నెలలు. పట్టుకున్న పని వదలని పిల్ల అని, నలుగురిలో ఉన్నప్పుడు కూడా తనలో తాను లెక్కలు గొణుక్కుంటుందని పేరు.

నస్రీన్ అరవై షట్టర్లు చెరపట్టింది. పెద్ద తెర మీద నలభై పచ్చని చుక్కలు వెంటనే చోటు మార్చుకున్నాయి. అవే పగ్గాలు. పదకొండు వందల నలభై షట్టర్లనూ పట్టుకోనక్కర్లేదని, సరైన నలభై చేతిలో ఉంటే మిగిలినవి వాటి వెంట నడుస్తాయని ఫిలోమిన ఇరవై ఏళ్ళ క్రితం నిరూపించింది. అయితే కాలువ నిన్న ఉన్నట్టు ఈరోజు ఉండదు. ఒకచోట గుర్రపుడెక్క అడ్డం పడుతుంది, ఒకచోట మోటారు కాలిపోతుంది, ఒకచోట రైతులు చెప్పకుండా గండి కొడతారు, పోటు వేళ సముద్రం నీటిని వెనక్కి నెడుతుంది. అందుచేత ఆ నలభై ఏవన్నది నాలుగు నిమిషాలకొకసారి మారిపోతుంది. శత్రువు ఒక పగ్గాన్ని కనుక్కునేలోగా అది పగ్గం కాకుండా పోతుంది. నస్రీన్ ఇంకో వంద చెరపట్టింది. చుక్కలు మళ్ళీ కదిలాయి. ఇంకో యాభై పట్టేసరికి తెర మీద కింది మూల ఒక కాలువ పాయ బూడిద రంగుకు తిరిగింది. కాపాడలేమని తోచినప్పుడు పద్ధతి ఒక కొమ్మను వదిలేస్తుంది. వదిలేసిన కొమ్మలో షట్టర్లు ఎక్కడివక్కడ బిగుసుకుపోతాయి. మిగిలిన చెట్టు నిలుస్తుంది.

చూస్తున్నవారు చప్పట్లు కొట్టారు. నస్రీన్ కొట్టలేదు. ఆమె ఆ దాడికి కొలతలు ఊహించి రాయలేదు. ఏడేళ్ళ క్రితం తుపాను రోజున ఎవరో కాలువల మీద నిజంగా చేసిన దాడినే మళ్ళీ ఆడింది. అన్నిటికంటే కష్టమైన రోజు అదే కనుక దాన్ని ఎంచుకున్నానని తరువాత చెప్పింది. మధ్యాహ్నం అందరూ భోజనానికి వెళ్ళాక ఆమె ఫిలోమిన గదిలోకి వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

తాను చూసినదాన్ని ఆమె వరుసగా చెప్పుకుంటూ వచ్చింది. ఆ రోజు సాయంత్రం అయిదు గంటల నలభై నిమిషాలకు నడిమిలంక లాకు దగ్గర ఎవరో చేతి చక్రాన్ని పావు చుట్టు తిప్పి, వెంటనే వెనక్కి తిప్పారు. ఆ పావు చుట్టులో కారిన నీళ్ళు రెండు బిందెలు కూడా ఉండవు. అయిదు నలభై ఒకటికి పద్ధతి నడిమిలంకకు దిగువనున్న తొమ్మిది షట్టర్ల కొమ్మను వదిలేసింది. అవి తెరుచుకున్నవి తెరుచుకున్నట్టే బిగుసుకుపోయాయి. వాటి కింద కొత్తపాలెం ఉంది. ఆ క్షణాన నడిమిలంక ఒక పగ్గం కావడం వల్ల, ఆజ్ఞ బయలుదేరిన చోటు అని ఆ లాకు పేరే యంత్రం రాసుకునే దస్తావేజులో పడింది. విచారణ సంఘం దాన్నే చదివి, లస్కరు నీళ్ళు వదిలాడని రాసింది.

“లస్కరు వదల్లేదు మేడమ్. మన పద్ధతి వదిలింది. చేత్తో చక్రం కదిలితే ఆ లాకు శత్రువు చేతిలో పడ్డట్టేనని లెక్కలో ఉంది. అనుమానం నూటికి నూరు. ఈ విలువ ఎవరు పెట్టారు?”

“నేనే,” అంది ఫిలోమిన.

నస్రీన్, లస్కర్లు డ్యూటీ ఎక్కగానే పావు చుట్టు తిప్పి చూస్తారన్న సంగతి అప్పట్లో ప్రయోగశాలకు తెలియదేమో కదా అని, తనే ఒక దారి చూపిస్తున్నట్టు అడిగింది.

తెలుసు. మోటార్లు బిగించిన ఏడాది ఫిలోమిన లాకులన్నీ తిరిగింది. నడిమిలంకలో నాంచారయ్యే ఆమె చేతిని చక్రం మీద పెట్టించి చూపించాడు. ఇట్టా పావు చుట్టు తిప్పితే నీళ్ళ బరువు చేతికి తెలుస్తదమ్మా, తలుపుకు గడ్డి పట్టిందా, గొడ్డు ఏదైనా కొట్టుకొచ్చి ఆనుకుందా అన్నీ చెయ్యే చెప్తది, బరువు చూడకుండా డ్యూటీ ఎక్కినోడు లస్కరే కాదు అన్నాడు. ఆమె ఆ మాట నోటుపుస్తకంలో రాసుకుంది. ఈ అలవాటు మాన్పించాలని ఒక సర్క్యులరు పంపించింది. అది ఇంగ్లీషులో వెళ్ళింది. లస్కర్లు సంతకాలు పెట్టారు, బరువు చూడటం మానలేదు. మానలేదని మొదటి నెల లెక్కల్లోనే ఆమెకు కనిపించింది. అయినా విలువను తగ్గించలేదు. చేతి కదలికను నమ్మితే, శత్రువు చేతి కదలికలాంటి సంకేతం పుట్టించి లోపలికి వస్తాడన్నది ఆమె భయం. ఆ రెండింటినీ తూచి, లస్కర్ల అలవాటు కంటే తన భయమే బరువైనదని నిర్ణయించింది. ప్రశాంతంగా ఉన్న రోజుల్లో ఆ విలువకు పనే లేదు. దాడి జరుగుతున్నప్పుడే అది లెక్కకు వస్తుంది. అప్పట్లో ఒక్కో లాకుకు ఒక్కో వేళ డ్యూటీ మారేది. దాడి జరిగే వేళ, డ్యూటీ మారే వేళ ఒకటి కావడం నడిమిలంకలో ఆ సాయంత్రం ఒక్కసారే జరిగింది. ఆ ఒక్కసారి నలుగురు పోయారు.

సోమవారం నాడు పెద్ద సమావేశం ఉంది. ఇంకో రెండు నదుల డెల్టాలకు ఇదే పద్ధతిని అమర్చడానికి ఒప్పందం రాసుకోబోతున్నారు. అంతవరకు ఈ సంగతి బయటికి రావద్దని ఫిలోమిన అంది.

“సోమవారం తర్వాత చెప్తారా మేడమ్?”

ఫిలోమిన బల్ల మీది కాగితాలు సర్దింది. నస్రీన్ తలుపు తీసుకుని వెళ్ళిపోయింది.

ఆ శనివారం ఫిలోమిన ఇంట్లో ఒక్కచోట కూర్చోలేకపోయింది. పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోయింది. ఉతికి మడతపెట్టిన బట్టలు విప్పి మళ్ళీ మడతపెట్టింది. నాలుగు నిమిషాలకొకసారి ఫోనులో పగ్గాల జాబితా చూడటం ఆమెకు ఏళ్ళ తరబడి ఉన్న అలవాటే గాని, ఆ రోజు రెండు నిమిషాలకొకసారి చూసింది. మారని జాబితాను చూసి విసుక్కుంది. ఎగువన వానలు ముంచెత్తుతున్నాయి, కాలువలు నిండుగా పారుతున్నాయి అని టీవీలో చెబుతున్నారు. భర్త శౌరయ్య రైల్వేలో స్టేషను మాస్టరుగా చేసి రిటైరైన మనిషి. వేళకు రాని రైలును చూసినట్టు ఆమెను చూస్తూ కూర్చున్నాడు.

ఆదివారం ఉదయం గుడికి బయలుదేరేటప్పుడు ఆయన చెప్పులు తొడుక్కుంటూ నిదానంగా అన్నాడు. “ఏడేళ్ళుగా నువ్వు సత్‌ప్రసాదం అందుకోవడానికి లేవట్లేదు. మోకాళ్ళ నొప్పులని ఫాదరు గారికి నేను సర్దిచెప్తున్నా. మొన్న కొండ గుడి తిరనాళ్ళలో నువ్వు మెట్లెక్కి దిగడం ఆయన చూశారట. ఇంక నీ మోకాళ్ళ మీదకి నెట్టడం నా వల్ల కాదు ఫిలోమినా.”

ఆమెకు నవ్వు వచ్చింది, మరుక్షణం ఏడుపు వచ్చింది. రెండూ మింగేసింది. గుడిలో ప్రసంగం సగంలో ఉండగా ఫోను మోగకుండా వణికింది. ఆమె బయటికి వచ్చి విన్నది. నస్రీన్ గొంతు ఎప్పటిలాగే ఉంది గాని మాటలు తొందరగా వస్తున్నాయి. నూట తొంభై షట్టర్లు పోయాయని, ఇది నకలు కాదని చెప్పింది.

ఫిలోమిన ప్రయోగశాల చేరేసరికి పదకొండున్నర. దాడి చేస్తున్నవారెవరో తెలియదు, ఎందుకు చేస్తున్నారో తెలియదు. ఏడేళ్ళ క్రితమూ తెలియలేదు. షట్టర్లు ఒకటొకటిగా వశం తప్పుతున్నాయి. పచ్చని చుక్కలు తెర మీద ఇక్కడ ఆరి అక్కడ వెలుగుతున్నాయి. పన్నెండున్నరకు మూడు వందలు పోయాయి. నలభై పగ్గాలు చాలక పద్ధతి యాభై రెండు అడిగింది. నమ్మదగినవి నలభై ఆరే దొరికాయి. ఇంత దెబ్బలోనూ కొమ్మ వదలకుండా నిలబడ్డందుకు గదిలోని ఇంజనీర్లు ఒకరినొకరు మెచ్చుకుంటున్నారు. నస్రీన్ మాత్రం గోడ గడియారం చూస్తోంది.

“రెండింటికి డ్యూటీ మారుతుంది మేడమ్,” అంది.

చేతి చక్రాలున్న లాకులు ముప్పై ఎనిమిది. ఇప్పుడు అన్ని లాకుల్లోనూ ఒకే వేళ, రెండు గంటలకు, ముప్పై ఎనిమిది మంది లస్కర్లు డ్యూటీ ఎక్కుతారు. ఎక్కగానే బరువు చూస్తారు. ఈసారి ఒక కొమ్మ కాదు, ముప్పై ఎనిమిది కొమ్మలు తెగుతాయి. కాలువలు అంచులదాకా ఉన్నాయి. వాటి కింద ఎన్ని ఊళ్ళున్నాయో ఫిలోమినకు లెక్క వేయనక్కర్లేదు.

నీటిపారుదల శాఖ వారి ఫోను లైన్లు పొద్దుటి నుంచీ పనిచేయడం లేదు. లస్కర్ల సొంత ఫోను నంబర్లు పదకొండు దొరికాయి. ఆరుగురు ఎత్తారు. ఈ పూట బరువు చూడవద్దంటే అందులో ఇద్దరు సరేనన్నారు. పెదముత్తేవి లాకు లస్కరు, గొంతును బట్టి పెద్దవాడే, ఒప్పుకోలేదు.

“నీళ్ళు ఇంత పోటు మీద ఉంటే బరువు చూడకుండా ఎట్టా కూచుంటానండీ? రేపేదన్నా అయితే లస్కరు తాగి పడుకున్నాడంటారు. నడిమిలంక నాంచారయ్యని అన్లేదా?”

ఫోను పెట్టేశాడు. అప్పటికి గంట ఒకటి నలభై ఎనిమిది.

ఇక చేయగలిగింది ఒక్కటే. ఆ విలువను మార్చాలి. చేతి కదలికను అనుమానించవద్దని, నమ్మమని పద్ధతికి చెప్పాలి. అలా మార్చే అధికారం ఫిలోమినకు ఉంది. అయితే దాడి నడుస్తుండగా ఏ విలువ మార్చినా కారణం రాసి తీరాలన్న నిబంధన కూడా ఆమె పెట్టిందే. రాసిన మరుక్షణం అది నాలుగు చోట్లకు చేరుతుంది. ఆ తరువాత ఎవరూ చెరపలేరు. కారణం దగ్గర ఖాళీగా ఉన్న గడిని చూస్తూ ఆమె నిలబడింది. అత్యవసరమని రాస్తే చాలునని ఒక ఇంజనీరు సలహా ఇచ్చాడు. అది నిజమే. విచారణ సంఘం దస్తావేజులోనూ ప్రతి మాటా నిజమే, ఆజ్ఞ బయలుదేరిన చోటు నడిమిలంక అన్నదానితో సహా.

ఆమె కూర్చుని తెలుగులో రాసింది. ‘డ్యూటీ ఎక్కిన లస్కరు చక్రాన్ని పావు చుట్టు తిప్పి నీటి బరువు చూడటం ఆనవాయితీ. అది దాడి కాదు. ఈ సంగతి మోటార్లు బిగించిన ఏడాది నుంచి నాకు తెలుసు. తెలిసీ ఈ విలువ పెట్టాను. ఏడేళ్ళ క్రితం నడిమిలంక కొమ్మ తెగింది దీనివల్ల. కొత్తపాలెంలో నలుగురు చనిపోయింది దీనివల్ల. కొల్లాటి నాంచారయ్య నిర్దోషి. తుమ్మా ఫిలోమిన.’

ఒకటి యాభై ఏడుకు ఆ వాక్యాలు వెళ్ళిపోయాయి. విలువ మారింది, శత్రువు దాన్ని కనిపెడితే దొంగ చేతులు పుట్టించుకుని తలుపు తీసుకుని వస్తాడు. రెండు గంటలు కొట్టింది.

మొదట పెదముత్తేవి కదిలింది. పావు చుట్టు, వెనక్కి. తరువాత మరొకటి. మూడు నిమిషాల్లో ముప్పై ఆరు లాకుల నుంచి చేతి కదలికలు వచ్చాయి. మానుకుంటామన్న ఇద్దరు తప్ప అందరూ బరువు చూశారు. కొమ్మ ఒక్కటీ తెగలేదు. ఆ వెంటనే ఫిలోమిన భయపడిందే జరిగింది. వాటి మధ్యలో ఇంకో తొమ్మిది చేతి కదలికలు పుట్టుకొచ్చాయి, చేతి చక్రమే లేని చోట్ల నుంచి. శత్రువు కనిపెట్టాడు. అయితే ఆ తొమ్మిదీ ఒకే వేగంతో, ఒకే తీరుగా ఉన్నాయి. నిజమైన ముప్పై ఆరింటిలో ఏ రెండూ ఒకలా లేవు. బరువు ఎక్కువున్నచోట చెయ్యి తటపటాయించింది, వృద్ధుడు తిప్పినచోట సన్నని వణుకు ఉంది, ఒకచోట ఆగి మళ్ళీ కదిలింది. నీటిని మోసిన చేతికే తెలిసే తడబాటు అది. నస్రీన్ ఆ తేడాను పద్ధతికి అందించింది. ఖచ్చితంగా మనవేనని చెప్పగలిగిన షట్టర్ల కోసం పొద్దుటి నుంచీ తడుముకుంటున్న పద్ధతికి ఒక్కసారిగా ముప్పై ఆరు దొరికాయి. పచ్చని చుక్కలన్నీ లాకుల మీదికి వెళ్ళి నిలిచాయి. మూడుంపావుకు వ్యవస్థ మొత్తం తిరిగి చేతికి వచ్చింది.

ఫిలోమిన సంతోషించలేదు. ఇరవై ఏళ్ళుగా తాను వెతుకుతున్న బలం తాను మానమని సర్క్యులరు పంపిన పనిలోనే ఉందని ఆమెకు అప్పుడు తెలిసింది. ఏడేళ్ళ క్రితం ఆ చేతిని నమ్మి ఉంటే, ఆ సాయంత్రం నాంచారయ్య లాకే అందరిలోకీ గట్టి పగ్గం అయ్యేది.

సోమవారం సమావేశం జరగలేదు. సంస్థ అధ్యక్షుడు ఆమెను పిలిపించి మర్యాదగా మాట్లాడాడు. ఒత్తిడిలో రాసిన వాక్యాలకు తరువాత వివరణ జతచేసే వీలుందని, లక్షల ఎకరాలను కాపాడిన మనిషి ఒక్క విలువ కోసం తనను తాను ఇంతగా నిందించుకోనక్కర్లేదని నచ్చజెప్పాడు. ఆమె వివరణ జతచేసింది. అందులో సర్క్యులరు నకలు, తన నోటుపుస్తకంలోని పేజీ, మొదటి నెల లెక్కలు ఉన్నాయి. ఆ కట్టనే తీసుకుని కోర్టుకు వెళ్ళింది. అంతకంటే ముందు ఇంకొక చోటికి వెళ్ళింది.

నాంచారయ్య మాచర్ల దగ్గర ఒక నాపరాయి క్వారీలో కాపలా కాస్తున్నాడు. కనుచూపు మేరలో నీళ్ళు లేని చోటు వెతుక్కుని అక్కడికి వచ్చాడని తోటివాళ్ళు చెప్పారు. భార్య జైలు రోజుల్లోనే పోయింది. నస్రీన్ కారు నడిపింది, దిగలేదు. రాళ్ళ పొడి కమ్మిన రేకుల షెడ్డు ముందు ఆయన బకెట్టు బోర్లించి దాని మీద కూర్చుని ఉన్నాడు. ఫిలోమినను చూసి లేచాడు. ఆమె కూర్చోలేదు. జరిగినదంతా మొదటి నుంచి చెప్పింది. చెబుతున్నంతసేపూ అటూ ఇటూ నడిచింది. ఆయన కదలకుండా విన్నాడు.

“అయితే నేను చంపలేదా?” అన్నాడు చివరికి.

ఆమెకు ఆ ప్రశ్న అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. కోర్టు శిక్ష వేసిందని, పాలెం వెలివేసిందని ఆమె ఏడేళ్ళుగా లెక్కపెట్టుకుంటూ ఉంది. ఆయన కూడా నమ్మి ఉంటాడని ఆమె లెక్కలో ఎన్నడూ లేదు.

“నా చెయ్యే కదమ్మా తిప్పింది. మిషను కాయితం చూపిచ్చారు, నా లాకు పేరు ఉంది. బరువు చూసి వెనక్కి తిప్పాననే నా గ్యాపకం. కానీ నలుగురు పోయాక నా గ్యాపకానికి విలువేముంది? మర్చిపోయానేమో, ఎక్కువ తిప్పానేమో అనుకున్నా. ఇదిగో, ఏడేళ్ళుగా కొళాయి కూడా ఎడం చేత్తోనే తిప్పుతున్నా.”

ఫిలోమిన క్షమించమని అడగడానికి నోరు తెరిచింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

“ఆ మాటొద్దు. కోర్టులో చెప్పండి, పేపర్లో వేయించండి, అది మీ ఇష్టం. పాలెంలో ఎవరూ పేపరు చదవరు. నేను పక్కనుండగా, నీళ్ళలో పోయిన వీర్రాజు పెళ్ళాం ఎదురుగా, మీ నోటితో మీరే చెప్పాలి. మీరు నాకున్న బాకీ అదొక్కటే. అందుకు తప్ప నేనక్కడ అడుగు పెట్టను.”

ఆమె ఒప్పుకుంది. మరునాడే వెళ్దామనుకుంది గాని, అరెస్టు అడ్డం వచ్చింది. సాక్ష్యం దాచి నిరపరాధికి శిక్ష పడేటట్టు చేసినందుకు కోర్టు ఆమెకు ఏడాదిన్నర జైలు వేసింది; అదే తీర్పులో నాంచారయ్య మీది నేరం కొట్టివేసింది. శిక్ష తగ్గించమని ఆమె అడగలేదు. శౌరయ్య ప్రతి పదిహేను రోజులకూ వచ్చి, రైళ్ళ రాకపోకల గురించి మాట్లాడి వెళ్ళేవాడు. ఆ ఏడాదిన్నరలో నస్రీన్ లస్కర్లందరినీ కూర్చోబెట్టి పద్ధతిని మళ్ళీ రాయించింది. బరువు చూడటం అందులో నియమమైంది. తీర్పు వచ్చిన తరువాత ఇంటికి రమ్మని నాంచారయ్యకు పాలెం పెద్దలు కబురు పెట్టారు. ఆయన వెళ్ళలేదు. ఫిలోమిన విడుదలయ్యేదాకా క్వారీలోనే ఉన్నాడు. జైలు గదిలో ఆమెను నిద్రపోనివ్వనిది తన శిక్ష కాదు, ఆయన ఎదురుచూపు.

విడుదలైన మూడో రోజున, పొద్దున్న ఎనిమిది గంటలకు, వాళ్ళిద్దరూ కొత్తపాలెం చేరారు. పడవలు అప్పుడే ఒడ్డుకు వచ్చాయి. ఆరబెట్టిన వలల మధ్య పాలెం అంతా చేరింది. నాంచారయ్య పాలెం పొలిమేర దాటేముందు ఒకసారి ఆగాడు. ఎవరూ అడ్డు రాలేదు, ఎవరూ పలకరించనూ లేదు. తుపాను నాడు మొగుడు వీర్రాజును, ఆరేళ్ళ కూతుర్ని పోగొట్టుకున్న లంకె సీతామాలక్ష్మి ముందు వరుసలో నిలబడి ఉంది. పోయిన మిగతా ఇద్దరూ ఆమె అత్తమామలు.

ఫిలోమిన ఎన్నో సభల్లో మాట్లాడిన మనిషి. అక్కడ మాత్రం పద్ధతి గురించి, పగ్గాల గురించి చెప్పడం మొదలుపెట్టి మధ్యలో ఆపేసింది. మళ్ళీ మొదలుపెట్టింది.

“ఆ రోజు నీళ్ళు వదిలింది నాంచారయ్య కాదు. నేను తయారుచేసిన యంత్రం. ఆయన తన పని తాను సరిగ్గా చేశాడు. దాన్ని తప్పుగా లెక్కకట్టింది నేను. వారంలోపే నాకు తెలిసింది. నా యంత్రాన్ని ఆపేస్తారని భయపడి నోరు మూసుకున్నాను. ఆయన జైలుకు పోతుంటే చూస్తూ ఊరుకున్నాను.”

సీతామాలక్ష్మి రెండడుగులు ముందుకు వచ్చింది.

“ఆ రోజు మమ్మల్ని వదిలేసి ఎంతమందిని కాపాడిందమ్మా మీ మిషను?”

“రెండు లక్షల మందికి పైగా.”

“మమ్మల్ని కూడా లెక్కేసుకున్నారా?”

“వేశాను. తొమ్మిది షట్టర్లని వేశాను. షట్టర్ల కింద మనుషుల్ని వేయలేదు.”

సీతామాలక్ష్మి ఆమె ముఖంలోకి చాలాసేపు చూసింది. తిడుతుందని, కొడుతుందని అందరూ అనుకున్నారు. ఫిలోమిన కూడా అనుకుంది, కొంగు సర్దుకుని నిలబడింది. సీతామాలక్ష్మి ఆమెను దాటి నాంచారయ్య దగ్గరికి వెళ్ళింది. ఆయన తల దించుకునే ఉన్నాడు.

“జైలు నుంచొచ్చిన రోజున నీ మీద దుమ్మెత్తి పోసింది నేనే బాబాయ్,” అంది. ఆయన కుడి చేతిని రెండు చేతులతో పట్టుకుంది. అప్పుడు ఆయన ఏడ్చాడు. ఆడవాళ్ళు ముందుకు వచ్చారు. ఎవరో వెనకనుంచి, ఇల్లు పడిపోయింది గాని దూలాలు గట్టిగానే ఉన్నాయి, ఈ వారంలో కప్పేద్దాం అంటున్నారు. ఇంకెవరో ఆయన సంచీ అందుకున్నారు.

ఫిలోమిన ఒంటరిగా వలల పక్కన నిలబడింది. వెళ్ళాలో ఉండాలో ఆమెకు తెలియలేదు. చాలాసేపటికి నాంచారయ్య జనంలోంచి వెనక్కి వచ్చాడు. కళ్ళు తుడుచుకుని ఉన్నాడు. ముఖంలో కోపం లేదు, స్నేహమూ లేదు. పని ముగించిన మనిషి ముఖం అది.

“చెప్పాల్సింది చెప్పారు. ఇంక మీరు నాకేం బాకీ లేరమ్మా,” అన్నాడు. “ఎండెక్కుతోంది, బయల్దేరండి.”